అమ్మడి వాటం

మధ్యాహ్నం రెండు దాటింది. బాక్సింగ్ హాల్లో అతనొక్కడు తప్ప నరమానవుడు లేడు. పొద్దుటి బ్యాచి వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు గానీ వాళ్ల చెమట వాసన మాత్రం ఇంకా ఇంటిదారి పట్టలేదు, ఫ్యాను కింద అక్కడక్కడే తచ్చాడుతోంది. పైకప్పులో ఒక రేకు తీసేసి గాజు పలక బిగించారు; దాంట్లోంచి దిగిన ఎండముక్క ఈ వేళకి రింగు తాళ్ల మీద ఉంటుంది, అక్కణ్ణించి జరుగుతూ జరుగుతూ మూడింటికల్లా నేలమీద పసుపు రంగుతో వేసిన రెండు పాదాల దగ్గరికి వస్తుంది. మూడింటికే అమ్మడూ వస్తుంది. అమ్మడంటే అతని కూతురు, ఒక్కగానొక్కతి, ఇరవై నాలుగేళ్లది, పార్సిలు ఆఫీసులో పని. డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వస్తానంది. రానీ. వచ్చాక దాన్ని ఎలా నిలబెట్టాలి? ఎడమకాలు ముందుకా, కుడికాలు ముందుకా? ఇంతే. ఇదీ ఒక ప్రశ్నేనా అని ఎవరైనా నవ్వుకోవచ్చు. ఇరవై రెండేళ్లలో ఈ నేలమీద ఎన్ని వందలమందిని నిలబెట్టాడో లెక్కలేదు, ఒక్కరి దగ్గర కూడా అరనిమిషం తటపటాయించలేదు. ఇవాళ పొద్దుణ్ణించి అదే ప్రశ్నని అటూ ఇటూ తిప్పుతున్నాడు. బెంచీ మీద వెన్ను వాల్చి, ఒళ్లో రెండు ప్యాడ్లు పెట్టుకుని, చొక్కా జేబులో సుద్దముక్కని తడిమి చూసుకుంటూ కూర్చున్నాడు. ఎండముక్క ఇంకా తాళ్ల మీదే ఉంది.

అతని పని ప్యాడ్లు పట్టడం. రెండు అరచేతులకీ తోలు ప్యాడ్లు తొడుక్కుని, నేర్చుకునేవాళ్లకి ఎదురుగా నిలబడి, వాళ్ల దెబ్బల్ని వాటి మీద కాచుకోవాలి. హాల్లో అందరూ దిండు మామయ్య అంటారు. దిండు మామయ్యా రా, దిండు మామయ్యా ఇంకో రౌండు. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్లు మండేది, తర్వాత అలవాటైంది, ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూస్తాడు. ఇంటావిడైతే పెళ్లిళ్లలో చుట్టాల ముందు, మా ఆయన రోజూ బయట తన్నులు తిని మమ్మల్ని పోషిస్తున్నాడు, ఇంట్లో నేను కొట్టే పని లేకుండా పోయింది అని ముఖమంతా నవ్వు చేసుకుని చెబుతుంది. చెప్పనీ. అందులో అబద్ధమేముంది? కుడిచేతివాటం వాళ్లు ఎడమకాలూ ఎడమచెయ్యీ ముందుంచి, బలమున్న కుడిచేతిని వెనక దాచుకుంటారు. ముందుచేత్తో టకటకమని తడుముతారు, సందు దొరికితే వెనకచేత్తో ఒక్కటిస్తారు. ఎడమచేతివాటం వాళ్లకి అంతా తిరగేసి. ఎదురుగా నిలబడ్డవాడికి వాళ్ల ఎడమ తన కుడి, వాళ్ల కుడి తన ఎడమ. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కుడివాటమే గనక ఇన్నేళ్లూ పెద్ద దెబ్బలన్నీ అతని ఎడమ అరచేతి మీద పడ్డాయి, అది మొద్దుబారి రాయిలా అయింది. కుడి అరచేతికి అన్నీ చిన్న దెబ్బలే. చిన్నవే గానీ రోజుకి వెయ్యి. పెద్ద దెబ్బలకి ఏమీ కాని మనిషిని ఆ చిన్నవి లోపల్లోపల తినేశాయి.

ఆర్నెల్ల కిందట ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ములో అతని కుడి మణికట్టుని లైటు ముందు పెట్టి చాలాసేపు చూసింది. "ఎలా తగిలింది?" అంది. బాత్రూములో పడ్డానన్నాడు. "రోజూ పడుతున్నారా?" అంది ఆవిడ, నవ్వకుండా. తర్వాత తన పెన్ను మొనతో ఒక చిన్న ఎముకని చూపించింది, చింతగింజంత కూడా లేదు, దానికి అడ్డంగా వెంట్రుకలాంటి గీత. గట్టి దెబ్బ ఇంకొకటి పడితే ఇది రెండు ముక్కలవుతుంది, ఆ తర్వాత ఈ చేత్తో కుళాయి తిప్పడం కూడా కష్టమే, చెప్పలేదంటారేమో, చెబుతున్నాను. అతను బుద్ధిమంతుడిలా తలూపి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? చెయ్యి పోయిన దిండుని ఎవరుంచుకుంటారు? మణికట్టుకి నల్ల పట్టీ వేసుకున్నాడు, ఫ్యాషనా మామయ్యా అని కుర్రాళ్లు ఏడిపించారు, ఆఁ ఫ్యాషనే అన్నాడు. చిన్న దెబ్బలకి అరచేతిని కాస్త వెనక్కి జార్చి పట్టడం నేర్చుకున్నాడు, చప్పుడు వస్తుంది, బరువు దిగదు. ఎడమవాటం వాళ్లు ఇద్దరు ముగ్గురుంటే వాళ్లని ఏదో వంకతో కోచ్ గారి వైపు తోసేశాడు. అలా ఆరు నెలలు. దొంగ బతుకు అంటే ఇదే మరి. కోచ్ గారు జట్టుని తీసుకుని పోటీలకి వెళ్లారు, నెలాఖరుకి గానీ రారు. అమ్మడి డ్యూటీ సోమవారం నుంచి సాయంత్రానికి మారుతోంది, ఇక ఇల్లు చేరేది చీకటిపడ్డాకే. ఇవాళ శుక్రవారం.

ఆ మెట్లు. ఇంటికెళ్లే మెట్లు. వాళ్లుండేది మూడో అంతస్తు, మొదటి మలుపులో బల్బు ఎప్పుడూ ఆరిపోయే ఉంటుంది, బల్బు మార్చమని కింద కాపలావాడికి ఎన్నిసార్లు చెప్పారో. మూడు వారాల కిందట బస్సు దిగినప్పటినుంచీ ఒకడు అమ్మడి వెనకాలే వచ్చాడట, మొదటి మలుపు దగ్గర మోచెయ్యి పట్టుకున్నాడట. పై అంతస్తులో ఎవరో తలుపు తీసిన చప్పుడయింది, వాడు దిగి వెళ్లిపోయాడు. అంతే జరిగింది, ఇంకేం జరగలేదు. ఇంకేం జరగలేదు అని వాళ్లమ్మ దేవుడికి దండం పెట్టుకున్నట్టు పదిసార్లు అంది. అమ్మడు మాత్రం కుర్చీలో కూర్చుని తన చేతుల వంక చూసుకుంది. "నాన్నా, ఏ చెయ్యి లేపాలో తెలీలేదు," అంది. "రెండూ సగం లేచాయి, అక్కడే ఆగిపోయాయి." ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. మొన్న మంగళవారం వాడు మళ్లీ కనిపించాడట, బస్టాపు ఎదురుగా, గోడకి ఆనుకుని, ఊరికే చూస్తూ. అంతకుముందే, పది రోజుల కిందట, పోలీసు స్టేషనులో కాగితం రాసిచ్చారు. రాసుకున్నాయన మీరు బాక్సింగ్ హాల్లో పనిచేస్తారు కదండీ, పిల్లకి నాలుగు దెబ్బలు నేర్పలేకపోయారా అన్నాడు, సరదాకే అన్నాడు. ఆ మాట అతన్ని ఇప్పటికీ వదల్లేదు, ఎందుకంటే నేర్పాడు. నేర్పాడు కనకే ఆ చేతులు అలా ఆగాయని ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే తెలిసింది.

వంటగది. అమ్మడికి ఆరేళ్లు. స్టవ్ మీద పాలు, కిటికీకి ఆవిరి, వాళ్లమ్మ ఆసుపత్రి లాండ్రీకి పనికి వెళ్లింది, ఇంట్లో తండ్రీకూతుళ్లే. నాన్నా నేనూ కొడతా అని గొడవ. సోఫా దిండ్లు రెండు తెచ్చి చేతులకి కట్టుకుని, సరే రా కొట్టు అని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎలా నిలబడాలి అంది. ఇదిగో ఇలా అని లేచి, ఎడమకాలు ముందుకి వేసి చూపించాడు. అమ్మడు వెంటనే కుడికాలు ముందుకి వేసి, ఎడమచేతిని గడ్డం కిందికి తెచ్చుకుని, అచ్చం పెద్ద ఆటగాడిలా నిలబడింది. ఎంత ముద్దుగా ఉందో. మడమ కొద్దిగా లేచి ఉంది, భుజం తనంతట తనే గడ్డాన్ని కప్పుకుంది, ఎవరూ చెప్పకుండానే. అప్పుడు అతనికి నవ్వొచ్చింది. ఎదురుగా నిలబడి చూపిస్తే పిల్లలందరూ అద్దంలో బొమ్మలాగే చేస్తారు, నా ఎడమకాలికి ఎదురుగా దీని కుడికాలు వచ్చింది, తిరగేసి నేర్చుకుంటోంది పిచ్చిమొద్దు అనుకున్నాడు. రోజంతా ఎదుటివాళ్ల ఎడమని తన కుడిగా మార్చుకుంటూ బతికేవాడికి ఆ మాట తప్ప ఇంకేం తడుతుంది? బయట ఏ గుమాస్తానో, ఏ డ్రైవరో అయితే పిల్ల ఎడమచేతివాటం కాబోలు అనుకుని ఊరుకునేవాడు. అతను ఊరుకోలేదు. అలా కాదమ్మా, ఇలా, అని దాని రెండు భుజాలూ పట్టుకుని, చిన్న కుర్చీని తిప్పినట్టు తిప్పేశాడు. ఎడమకాలు ముందుకి. కుడిచెయ్యి వెనక్కి. అమ్మడు ఒక్క క్షణం తన పాదాల వంక చూసుకుంది. పాలు పొంగాయి. స్టవ్ తుడవడంలో పడ్డాడు.

రోజూ సాయంత్రం దిండ్లు కట్టుకునేవాడు, రోజూ అమ్మడు కుడికాలు ముందుకేసేది, రోజూ తిప్పేవాడు. వారానికో పదిరోజులకో అది ఎడమకాలే ముందుకెయ్యడం మొదలుపెట్టింది, శభాష్ అని వీపు తట్టాడు. పెన్సిలు కూడా అంతే, బళ్లో టీచరు ఎదురుగా కూర్చుని చూపిస్తే తిరగేసి పట్టుకుంటోంది చూడండి అని తనే వెళ్లి చెప్పివచ్చాడు, మహా తెలివైనవాడిలా. ఏడేళ్లొచ్చేసరికి కొట్టే ఆట మానేసింది, నాన్నా నాకు రాదులే అంది. కుడిచెయ్యి దిండు మీద పడితే దూది కూడా కదిలేది కాదు. ఆడపిల్ల, సున్నితం, పోనీలే అనుకున్నాడు. ఇప్పుడు ఈ బెంచీ మీద కూర్చుంటే ఆ దెబ్బలన్నీ గుర్తొస్తున్నాయి, ఒక్కొక్కటీ ఎంత పలచగా పడేదో. వెనక దాచుకున్న చెయ్యి దానిది కాదు మరి, ఎవరిదో చెయ్యి తెచ్చి తగిలించినట్టు. ఫ్యాను గాలికి పంచింగ్ బ్యాగు గొలుసు కిర్రుమంటోంది. ఎండముక్క తాళ్లు దిగి నేలమీదికి వచ్చింది. కళ్లు మూతపడుతున్నాయి. కుడి అరచేతిలో ఏదో చిన్నగా తగిలినట్టయింది, ఎవరో పెద్దగా బలం లేకుండా తట్టినట్టు, మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి. ఇరవై రెండేళ్లుగా తట్టినవాళ్లందరూ వరసలో నిలబడి ఒక్కొక్కరూ ఆ అరచేతిని తాకి వెళ్లిపోతున్నారు, ముఖాలు గుర్తురావు గానీ దెబ్బలు గుర్తుపడుతున్నాడు, ఇది ఆ పొడుగాటివాడిది, ఇది పాలవాడిది, ఇది పెళ్లయ్యాక రావడం మానేసిన ఆ నత్తి పిల్లది, వరస చివర ఆరేళ్లది నిలబడి ఉంది, పాదాల వంక చూసుకుంటూ.

ఉలిక్కిపడి లేచాడు. రెండూ నలభై. కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు, ఎడమచేత్తో. అమ్మడిది ఎడమవాటమని ఇంకా రూఢి కాలేదు కదా, రూఢి అయినట్టే ఎందుకు అనుకోవాలి, ఎవరికైనా అనుమానం ఉండాలి కదా అని తనకి తనే చెప్పుకున్నాడు. అదీ అబద్ధమే. పది రోజులుగా దొంగచాటుగా కూతుర్ని చూస్తూనే ఉన్నాడు. పళ్లు తోముకునేది కుడి. తాళం తీసేది కుడి. రాసేది కుడి, గుండ్రంగా, ముద్దుగా రాస్తుంది. హమ్మయ్య అనుకున్నాడు ప్రతిసారీ, సిగ్గులేకుండా. బుధవారం భోజనాలవేళ పార్సిలు ఆఫీసుకి వెళ్లి, స్తంభం చాటున, జనం వరసలో నిలబడ్డట్టు నటిస్తూ చూశాడు. కౌంటరు వెనక అమ్మడు అట్టపెట్టెలకి టేపు వేస్తోంది, కుడిచేత్తో లాగి, కత్తిరించి, అదిమి. తూకం మీద పెట్టి, చీటీ అంటించి, పక్కకి నెట్టి. అంతా కుడే. ఇంతలో పైఅరలోంచి ఒక పెట్టె జారింది. అమ్మడు దాని వంక చూడను కూడా చూడలేదు. ఎడమచెయ్యి వెళ్లి గాల్లోనే పట్టుకుంది. పట్టుకుని, మళ్లీ కుడిచేతికి అందించి, ఏమీ జరగనట్టు టేపు లాగింది. నేర్పిన పనులన్నీ కుడిచెయ్యి చేస్తోంది. పడిపోయేదాన్ని పట్టుకున్నది ఎడమ. ఇంకేం రూఢి కావాలి? వరసలో వెనకాయన ముందుకి జరగండి సార్ అని విసుక్కున్నాడు, అతను జరగకుండా ఇంటికొచ్చేశాడు.

అయితే ఎడమవాటమే, సరే. కానీ ఎడమవాటం వాళ్లందరూ ఎడమవాటంగానే నిలబడతారా ఏమిటి? కొంతమంది ఉద్దేశపూర్వకంగా కుడివాటంలో నిలబడతారు, బలమైన చెయ్యి ముందుంటే త్వరగా చేరుతుందని. బయట వీధిలో, మెట్ల మీద, గంట కొట్టి మొదలుపెట్టే కొట్లాట కాదు కదా, ముందున్న చెయ్యే దిక్కు. కోచ్ గారే ఎన్నోసార్లు అన్నారు. ఇలా ఎవరడిగినా చెప్పడానికి గట్టి సమాధానం ఉంది, సాక్ష్యం కూడా ఉంది. ఇదిగో పసుపు పాదాలు. ఈ హాల్లో కొత్తవాళ్లెవరైనా మొదట వాటి మీదే నిలబడతారు, ఎడమపాదం ముందు, కుడిపాదం వెనక, పదిహేనేళ్లుగా రంగు మీద రంగు వేసి గట్టిపడ్డాయి. ఎడమవాటం వాళ్లకి వేరే పాదాల్లేవు. వాళ్లొస్తే సుద్దముక్కతో గీస్తారు, సాయంత్రం తుడిస్తే పోతాయి. అమ్మడు వస్తుంది, పసుపు పాదాల మీద నిలబడుతుంది, తను ఏమీ అనక్కర్లేదు, ఏమీ అనకపోవడం అబద్ధం కూడా కాదు. దాని కుడిచేతి పలచటి దెబ్బలు తన రాతిచెయ్యి మీద పడతాయి, ముందుచేతి దెబ్బల్ని జార్చి పట్టుకుంటే సరి. మణికట్టు దక్కుతుంది, పని దక్కుతుంది. కానీ మెట్ల మలుపులో మళ్లీ ఎవరైనా మోచెయ్యి పట్టుకుంటే ఆ చేతులు మళ్లీ సగంలో ఆగితే? ఛీ, ఎంత నీచుణ్ణి! పోనీ ఎడమవాటంగా నిలబెట్టి పంచింగ్ బ్యాగుని కొట్టిస్తే? బ్యాగుని ఎవరైనా కొడతారు. అమ్మడి చేతులు ఆగింది బలం లేక కాదు, ఎదుట మనిషి ఉన్నాడని. మనిషికి ఎదురుగా చెయ్యి పూర్తిగా లేవడం మొదటిసారి మనిషి దగ్గరే నేర్చుకోవాలి. ఈ హాల్లో ఇప్పుడున్న మనిషి తనొక్కడే. దాని ఎడమచెయ్యి వచ్చి పడేది తన కుడి మణికట్టు మీదే.

ఎండముక్క పసుపు పాదాల బొటనవేళ్లని తాకింది. తలుపు కిర్రుమంది.

"నాన్నా, నిద్రపోతున్నావా?" అంటూ అమ్మడు లోపలికొచ్చింది. భుజాన సంచీ, వేళ్లకి ఇంకా టేపు జిగురు. "లేదమ్మా, ఊరికే కళ్లు మూసుకున్నా," అన్నాడు. పొద్దున డ్యూటీలో ఎవరో బతికున్న కోడిపిల్లల్ని పార్సిలు చేయబోయారని చెబుతూ చెప్పులు విప్పింది, నవ్వింది, చెయ్యి చాచింది. పట్టీలు చుట్టాడు. కుడిచేతికి చుట్టాడు, ఎడమచేతికి చుట్టాడు. ఎడమ అరచెయ్యి వెచ్చగా ఉంది, అందులో చిన్నప్పటి కత్తెర మచ్చ అలాగే ఉంది. గ్లవ్స్ తొడిగాడు. "ఎక్కడ నిలబడాలి?" అని అడగలేదు అమ్మడు. నేరుగా వెళ్లి పసుపు పాదాల మీద, ఎడమకాలు ముందుకేసి నిలబడింది. ఎండ దాని పాదాల మీద పడింది. అతని జేబులో సుద్దముక్క జేబులోనే ఉంది. ప్యాడ్లు తొడుక్కున్నాడు. ఎత్తి పట్టాడు. "ముందుచేత్తో," అన్నాడు.

అమ్మడి ఎడమచెయ్యి వచ్చి అతని కుడి అరచేతిని తాకింది. తాకింది అంతే. జ్వరమేమోనని నిద్రపోయే పిల్లాడి నుదురు చూసినట్టు. మళ్లీ అన్నాడు, మళ్లీ అలాగే తాకింది. వెనకచేత్తో అన్నాడు, కుడిచెయ్యి వచ్చి ఎడమ ప్యాడ్ మీద పడింది, ఉన్న బలమంతా పెట్టింది పాపం, పళ్లు బిగించింది, అయినా ఆరేళ్లప్పటి దెబ్బే. మళ్లీ ముందుచేత్తో. ఈసారి అతను దెబ్బని కాదు, భుజాన్ని చూశాడు. ఇన్నేళ్లు లక్షల దెబ్బలు కాచినవాడికి ఒక సంగతి మాత్రం బాగా తెలుసు, చేతకాక నెమ్మదిగా కొట్టడం వేరు, చేతనై ఆపుకోవడం వేరు. ఆ భుజం వేగంగా బయల్దేరి, ప్యాడ్ కి జానెడు దూరంలో తనని తను వెనక్కి లాక్కుంటోంది.

"అమ్మడూ, తగ్గించి కొడుతున్నావు."

"లేదే."

"నాతో అబద్ధమాడకు. ఎందుకు?"

అమ్మడు గ్లవ్స్ కిందికి దించింది. "నీ కుడిచెయ్యి బాలేదుగా నాన్నా," అంది. అతను కళ్లప్పగించి చూశాడు. "ఆర్నెల్లుగా టీ గ్లాసు ఎడంచేత్తో పట్టుకుంటున్నావు. సీసా మూతలు నాకిస్తున్నావు. నేను చూడననుకున్నావా? జేబులో చీటీ అమ్మ చొక్కా ఉతికేటప్పుడు చూసింది. నువ్వు చెప్పేదాకా అడగొద్దంది."

తల్లీకూతుళ్లిద్దరికీ తెలుసు. ఆర్నెల్లు ఆ ఇంట్లో ముగ్గురు మనుషులు ఒకే సంగతిని తలో మూల దాచుకుని తిరిగారు. అతనికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేడు. ముందుచెయ్యి ఎందుకు తాకి ఆగుతోందో ఇప్పుడర్థమైంది. తను దాని దగ్గర దాచిన ఎముకనే అది కాపాడుతోంది. సోమవారం నుంచి సాయంత్రం డ్యూటీ పెట్టుకుని, మెట్ల మీద వాణ్ణి పెట్టుకుని, తండ్రి మణికట్టు కోసం ఉన్న ఒక్క చేతనైన చేతినీ వెనక్కి లాక్కుంటూ నిలబడింది. మోకాళ్ల మీద కూర్చున్నాడు, అప్పట్లో వంటగదిలో కూర్చున్నట్టే.

"నీకో సంగతి చెప్పాలి," అన్నాడు. "నీకు ఆరేళ్లప్పుడు, వంటగదిలో, దిండ్లు కట్టుకుని... నువ్వు కుడికాలు ముందేసి నిలబడేదానివి. నేను తిప్పేసేవాణ్ణి. నన్ను చూసి తిరగేసి చేస్తున్నావనుకున్నా. తప్పు నాది, అమ్మడూ. నువ్వు సరిగ్గానే నిలబడ్డావు."

అమ్మడు తన పాదాల వంక చూసుకుంది. "నాకు గుర్తుంది," అంది. "నువ్వు తిప్పావు కదా, అదే రైటనుకున్నా. నాకే రాదనుకున్నా."

అంతకంటే పెద్ద దెబ్బ ఇరవై రెండేళ్లలో తగల్లేదు అతనికి. ఏ ప్యాడూ కాచుకోలేదు దాన్ని. కుడిచేతి ప్యాడ్ పళ్లతో లాగి తీసి, జేబులోంచి సుద్దముక్క తీశాడు. పసుపు పాదాల పక్కనే, ఎండలో, కుడిపాదం ముందుకి, ఎడమపాదం వెనక్కి, గీయడం మొదలుపెట్టాడు. కుడి మణికట్టు నొప్పికి గీత వంకరపోయింది. అమ్మడు వచ్చి తన పాదమే అక్కడ పెట్టింది. దాని పాదం చుట్టూ గీశాడు, వేలు వేలుకీ. రెండో పాదం చుట్టూ గీశాడు. తల ఎత్తి చూస్తే అమ్మడు నిలబడి ఉంది. మడమ కొద్దిగా లేచి ఉంది. భుజం తనంతట తనే గడ్డాన్ని కప్పుకుంది. పద్దెనిమిదేళ్లు ఎక్కడికీ పోకుండా ఆ ఒంట్లోనే దాక్కుంది ఆ పిల్ల.

లేచి ప్యాడ్ తొడుక్కుని కుడిచెయ్యి ఎత్తాడు.

"వద్దు నాన్నా. బ్యాగుని కొడతా."

"బ్యాగుని తర్వాత ఎంతైనా కొట్టు. కోచ్ గారికి ఇవాళే ఫోన్ చేసి చెయ్యి సంగతి చెప్పేస్తా, ఆయనొచ్చాక ఆయనే పట్టుకుంటారు ప్యాడ్లు. ఇది ఒక్కటి మాత్రం నా దగ్గరే పడాలి. ఒక్కటే. ఆ మెట్ల మీదవాడి ముఖం అనుకో."

"నీ ముఖం కనిపిస్తుంటే వాడి ముఖం ఎలా అనుకోను?"

"అయితే నా ముఖమే అనుకో. నిన్ను తిప్పేసినవాణ్ణే అనుకో. కొట్టవే!"

అమ్మడి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్లతోనే చూపు నిలిచింది. అతను అరచేతిని జార్చలేదు. ఆరు నెలల తర్వాత మొదటిసారి వేళ్లు బిగించి, మోచెయ్యి బిగించి, గోడలా పట్టాడు. వెనక మడమ సుద్దగీత మీద తిరిగింది, నడుము తిరిగింది, భుజం వచ్చింది, ఈసారి జానెడు దూరంలో ఆగలేదు. హాలంతా చప్పుడు. పైకప్పు మీద పావురాలు లేచిపోయాయి. మణికట్టులో చింతగింజంత ఎముక ఏదో అంది, అది ఏమందో అతనికి స్పష్టంగా వినిపించింది, కళ్లలో చుక్కలు కనిపించాయి, అయినా చెయ్యి అక్కడే నిలిచింది. ఎంత దెబ్బ! ఈ హాల్లో పెద్ద పెద్ద పోటీలకి వెళ్లినవాళ్లు కూడా ఇలాంటిది ఎన్ని కొట్టి ఉంటారు!

"నాన్నా! నాన్నా, తగిలిందా?"

"తగిలింది," అన్నాడు, నవ్వుతున్నాడో మూలుగుతున్నాడో తెలియకుండా. చెయ్యి పొట్టకి అదుముకున్నాడు. "ఇప్పుడు చెప్పు. ఏ చెయ్యి?"

అమ్మడు ఆలోచించలేదు. పాదాల వంక చూసుకోలేదు.

"ఎడమ," అంది.